మంచిగున్న అన్న మాట

ముందే చెబుతున్నాను, నేనిప్పుడు నడుస్తున్నాను. కుడి పాదం ఇంకా తనంతట తాను పైకి లేవదు. దానికో ప్లాస్టిక్ పట్టీ కట్టుకుంటాను, చేతికర్ర ఒకటి తోడు. బిందె మోయలేకపోయినా బోరింగు దాకా పోయి చెంబుడు నీళ్లు తెచ్చుకుంటున్నాను. ఇట్లాంటి నరాల జబ్బుతో మంచాన పడ్డవాళ్లు, వాళ్ల పక్కన స్టూలు మీద కూర్చుని కంటి మీద కునుకు లేనివాళ్లు ఇది చదివితే, ముందుగా ఈ ఒక్క సంగతి తెలియాలని మొదటే రాశాను. పోయిన బలం వస్తుంది. ఆలస్యంగా వస్తుంది, అంతే.

రెండో సంగతి ఇంత తేలిగ్గా రాయలేను. నేను జబ్బు పడకముందు, నా చేతి కింద ఉన్న ఒక మనిషి కాలు మోకాలి పైదాకా పోయింది. అందులో తప్పు నాది. కాగితాల్లో మాత్రం ఆ తప్పు ఆమె పేరు మీద ఉండేది. నా జబ్బు కథ చెప్పాలంటే ఆమె దగ్గరే మొదలుపెట్టాలి.

శ్రావణం

నా పేరు సరోజ. మాది కేసముద్రం దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం, తెలుగు నేను బడికి పోయాకే నేర్చుకున్నాను. మా ఆయన కేసముద్రం మార్కెట్ యార్డులో కాంటా పెడతాడు. నేను ఫిజియోథెరపీ చదివి ఒక చిన్న సంస్థలో చేరాను. వారంలో ఐదు రోజులు భూపాలపల్లిలో గది తీసుకుని ఉండేదాన్ని.

అక్కడి అడవిలో గొత్తికోయల గూడేలున్నాయి. సరిహద్దు అవతల కాల్పులకు భయపడి, పిల్లల్ని చంకనెత్తుకుని రోజుల తరబడి నడిచి వచ్చిన మనుషులు వాళ్లు. వాళ్లు దేశం దాటలేదు, రాష్ట్రం దాటారు. అందుకని ఏ కాగితమూ వాళ్లను శరణార్థులు అనదు. మరేమనాలో ఆ కాగితానికే తెలియదు. కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లను మళ్లీ నిలబెట్టడం మా పని. కృత్రిమ కాలికి కొలతలు తీసుకుంటాం, వచ్చాక తొడిగి నడక నేర్పుతాం.

ఉంగి అట్లా వచ్చిన మనిషే. ముప్పై ఏళ్లుంటాయేమో. వాళ్ల ఊళ్లో ఉన్నప్పుడు ఇప్పపువ్వు ఏరడానికి పోయి మందుపాతర మీద కాలు పెట్టింది. కుడికాలు మోకాలి కింద పోయింది. నేను మొదటిసారి కలిసినప్పుడు ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె భాష రాదు. పక్క ఊరి కోయావిడ జోగమ్మకు రెండూ వచ్చు, మా ఇద్దరి మధ్య కూర్చుని మాట అందించేది. ఉంగికి మొదటి తెలుగు ముక్క నేర్పింది మాత్రం నేనే.

"ఎవరన్న మంచిగున్నవా అంటె, మంచిగున్న అనాలె. గంతే" అన్నాను. "అట్లంటె ఊర్ల నిన్ను పరాయిదాని లెక్క చూడరు."

అది నా సొంత అనుభవం. బడిలో నన్ను గట్టెక్కించిన మొదటి తెలుగు ముక్క కూడా అదే. ఉంగి దాన్ని పదిసార్లు పలికి పలికి నవ్వింది. కిరాణా కొట్టులో అనేది, రేషన్ వరసలో అనేది, మా జీపు డ్రైవరుతో అనేది. అట్లా అన్నప్పుడల్లా నేను ఏదో సాధించినట్టు మురిసిపోయేదాన్ని. ఆరు నెలలు తిరిగేసరికి కొత్త కాలి మీద బిందె నెత్తిన పెట్టుకుని నడిచింది.

మా పనిలో ఒక నియమం ఉంది. ఇంటికి పోయినప్పుడల్లా కృత్రిమ కాలు తీయించాలి, మొండికాలికి తొడిగిన గుడ్డ విప్పాలి, చర్మం ఎర్రబడిందా, పుండు లేస్తోందా అని వేలితో తాకి చూడాలి. అప్పుడే కార్డు మీద "చూశాను" అన్నచోట టిక్కు పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ నియమం నేర్పేదాన్ని నేనే. పంతులు చెప్పే శాస్త్రాలకు పంతులింట్లోనే దిక్కులేదని ఊరికే అనరు.

ఆ శ్రావణంలో ఒకరోజు జోగమ్మ రాలేదు. వాళ్ల మనవరాలికి జ్వరం. మబ్బు దట్టంగా పట్టింది, వాగు వస్తే జీపు అవతలే చిక్కుకుపోతుంది, నాకింకా నాలుగిళ్లు మిగిలి ఉన్నాయి. ఉంగి గుడిసె ముందు నిలబడి ఉంది. మంచిగున్నవా అని అడిగాను. మంచిగున్న అక్కా అని నవ్వింది. నేను కార్డు తీసి టిక్కు పెట్టి, తేదీ వేసి, సంతకం చేశాను. గుడ్డ విప్పలేదు.

ఆమె చెయ్యి గుంజను పట్టుకుని ఉంది. బరువంతా ఎడమకాలి మీద ఉంది. అది నా కళ్లకు కనిపించింది. అట్లా నిలబడితే అర్థమేమిటో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అయినా జీపెక్కాను.

తర్వాత వాగు పొంగి రెండు వారాలు అటు పోలేకపోయాం. మూడో వారం జోగమ్మ ఫోన్ చేసింది. పుండు ముదిరి ఎముకకు పట్టింది, పెద్ద దవాఖానలో మోకాలి పైకి తీసేశారు.

ఆఫీసులో మా పెద్ద ప్రభాకర్ సార్ ఉంగి కార్డు తిప్పి చూశాడు. నువ్వు చూసిననాడు బాగనే ఉండె గద, ఆమెనే బురద నీళ్లల్ల తిరిగి ఉంటది అన్నాడు. నేను తల ఊపాను. ఫైలులో "సూచనలు పాటించలేదు" అని రాశారు. మోకాలి పైన తీసిన కాలికి పెట్టే కృత్రిమ కాళ్లు మాకు ఏడాదికి కొన్నే వస్తాయి. సూచనలు పాటించనివాళ్ల పేర్లు జాబితాలో అడుక్కి పోతాయి. ఉంగి పేరూ పోయింది. నేను నడుము నొప్పి అని సాకు చెప్పి, ఆ గూడెం నా వంతు నుంచి మార్పించుకున్నాను.

కార్తీకం

పత్తి ఏరే రోజుల్లో నా వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం మొదలైంది. చలి అనుకున్నాను. రెండో రోజు కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మూడో రోజు భూపాలపల్లి బస్టాండులో బస్సు మెట్టు ఎక్కబోతే కాలు రాలేదు, నిలువునా కూలబడ్డాను. పూలమ్మే ఆవిడ ఒకామె గంపను అక్కడే వదిలేసి నన్ను లేపి, ఆటోలో నాతో పాటు కూర్చుని దవాఖాన దాకా వచ్చింది. పేరు అడగలేదు. ఆమె పూలు ఏమయ్యాయో ఇప్పటికీ నా మనసులో ఉంది.

అక్కడి నుంచి వరంగల్ పంపారు. ఒంట్లో రోగంతో కొట్లాడవలసిన శక్తి దారి తప్పి, నరాల మీదనే పడిందని డాక్టరు చెప్పారు. కాళ్ల నుంచి పైకి పాకుతోందని, ఊపిరి దాకా పోకుండా చూడాలని మా ఆయనకు విడిగా చెప్పారట. ఆ సంగతి నాకు చెప్పకుండా దాచాడు. నేను ఆ పాఠం చదువుకున్నదాన్నే అని ఆ కంగారులో మరిచిపోయినట్టున్నాడు.

రౌండ్లకు వచ్చిన ప్రతి డాక్టరూ ఎట్లుందమ్మా అని అడిగేవారు. మంచిగుంది సార్ అనేదాన్ని. అప్పటికి మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకోవలసి వస్తోంది. అయినా అంతే అన్నాను. ఎందుకన్నానో తర్వాత చాలా ఆలోచించాను. ఆ పూట వచ్చిన డాక్టరు ముఖం అలసిపోయి ఉంది. నా వెనక ఇంకా పది మంచాలున్నాయి. లేదు అంటే ఏదో జరుగుతుంది, ఎవరో పరుగెత్తుకొస్తారు, మా ఆయన ముఖం పాలిపోతుంది. అన్నిటికన్నా ముందు, ఆ ప్రశ్నకు నోరు ఆ జవాబే చెబుతుంది. యాడికి, అంటే మా అమ్మకు, మా భాషలో ఊపిరాడట్లేదే అని చెప్పుకున్నాను. తెలుగులో మాత్రం మంచిగున్నాను.

డాక్టరు పోయాక నర్సు ఆగింది. నడివయసు మనిషి, ముఖంలో నవ్వు లేదు.

"మంచిగున్న అన్నోళ్ల మీదనే నాకు అనుమానం" అంది. "గాలి నిండ పీల్చుకొని, ఒక్క ఊపిరిల ఎంతదాక లెక్కవెడ్తవో పెట్టు."

తొమ్మిది దగ్గర ఆగిపోయాను. ఆమె వెంటనే బయటికి పోయి డాక్టరును వెనక్కి పిలుచుకొచ్చింది. గంటలో నన్ను ఐసీయూకి మార్చారు, ఆ రోజే గొంతులో ఊపిరి గొట్టం పెట్టారు. ఇంకో పూట ఆలస్యమై ఉంటే ఇది రాసేదాన్ని కాదని తర్వాత చెప్పారు.

గొట్టంతో పడుకున్న ఆ పన్నెండు రోజులు మాట లేదు, కదలిక లేదు, తెలివి మాత్రం పూర్తిగా ఉంది. భయం గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రాయను. నాకు భయం కంటే ఉంగి చెయ్యి ఎక్కువ కనిపించింది, గుంజను పట్టుకున్న ఆ చెయ్యి. నా నర్సుకు నేనెవరో తెలియదు. తెలుగు వచ్చినదాన్ని, చదువుకున్నదాన్ని, నోరున్నదాన్ని. అయినా నా మాట నమ్మకుండా ఊపిరి లెక్కపెట్టించింది. ఉంగికి తెలుగులో ఉన్నది ఒకే ఒక్క జవాబు, అదీ నేనిచ్చిందే. నేను ప్రశ్న అడిగానని అనుకున్నాను. ఆమెను పలకరించాను, అంతే.

గొట్టం తీసిన రోజు యాడి నా తల నిమురుతూ ఏడ్చింది. ఎవరి ఉసురు పోసుకున్నవే బిడ్డా, ఎవరికి ఏ పాపం చేసినం మనం అని అడిగింది. చిల్పూరు బుగులు వెంకటేశ్వరస్వామికి మొక్కింది కూడా, నేను నా కాళ్ల మీద గుట్ట ఎక్కుతానని. ఉసురు మాట ఊరికే అన్నదని తెలుసు. నాకు మాత్రం ఎవరి ఉసురో పేరుతో సహా తెలుసు. జబ్బు శిక్షగా రాదని చదువుకున్నాను, అట్లా అనుకునే రోగులను కోప్పడ్డాను కూడా. అయినా ఆ రోజు నాకు అట్లాగే అనిపించింది.

పుష్యం, జనగామ

జనగామలో మా అక్క ఇంటికి రెండు వీధుల అవతల ఫిజియోథెరపీ గది ఉంది. మా తండా నుంచి రోజూ తిరగడం కుదరదని నన్ను అక్కడికి తీసుకుపోయారు. మూడు నెలలున్నాను.

గది ముందు వరండాలో రెండు బెంచీలు. పక్షవాతం వచ్చిన తరిగొప్పుల మల్లయ్య తాత అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాడు. చలికి నేను వణుకుతుంటే తన వంతు నాకిచ్చి లోపలికి పొమ్మనేవాడు. మంచిగున్నవా తాతా అంటే, వంకరపోయిన నోటితోనే మంచిగున్న బిడ్డా అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పడిపోయిన ఆయన చేతి వంక చూసేదాన్ని.

లోపల స్వప్న అని నాకన్నా పదేళ్లు చిన్నమ్మాయి నాతో వ్యాయామాలు చేయించేది. ఇంకో పది అక్కా, ఇంకో ఐదు అక్కా అనేది. ఆ మాటలన్నీ నావే. ఏళ్ల తరబడి గుడిసె గుడిసెకూ పోయి అన్నవే. అడవిలో ఇంకో పది అని ఎంత హాయిగా అనేదాన్నో, పడుకుని ఆ పది చేస్తుంటే తెలిసింది. బద్ధకం వద్దు, మనసు పెట్టాలె అని ఉంగితో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆమె మొండికాలు మంట పుడుతున్నప్పుడు కూడా అని ఉంటాను.

ఇంటి సంగతి కూడా రాయాలి, దాచి లాభం లేదు. మా ఆయన యార్డు పని మానుకుని నెలన్నర నాతో ఉన్నాడు. స్నానం చేయించేవాడు, జడ వేసేవాడు. జడ ఎప్పుడూ ఒక పక్కకే పోయేది. నేను చెంచా పట్టుకోలేక విసిరేసిన రోజు, నువ్వే గద అందరికి ఓపిక ఉండాలె అని చెప్పేది, గిప్పుడేమాయె అని వెక్కిరించాడు. మొదట నవ్వాను, తర్వాత ఏడ్చాను, తర్వాత అతని మీద అరిచాను. ఇంక ఆ అడవి నౌకరీ వద్దన్నాడు. నీ కాళ్లే నిలబడతలేవు, ఎవరి కాళ్లు నిలవెడ్తవ్ అన్నాడు. రెండు రోజులు మాటల్లేవు. మా పన్నెండేళ్ల అమ్మాయి తండా నుంచి ఫోన్ చేస్తే ఇద్దరం వంతులవారీగా అంతా బాగుందని చెప్పాం.

మూడో రోజు పొద్దున అతను నా కాళ్లకు నూనె రాస్తుంటే మొత్తం చెప్పేశాను. గుడ్డ విప్పకపోవడం, టిక్కు, ఫైలులో మాట, నడుము నొప్పి సాకు. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అతను నూనె రాయడం ఆపలేదు. రెండో కాలికి రాస్తూ ఒక్క మాటన్నాడు.

"నాకు చెప్తె ఏమొస్తది? ఆమెకు చెప్పు."

నౌకరీ వద్దన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఉగాది తర్వాత

వాకర్ మీద పది అడుగులు వేసినప్పుడు స్వప్న చప్పట్లు కొట్టింది, మల్లయ్య తాత బాగున్న చెయ్యి ఎత్తాడు. పట్టీ కట్టుకుని కర్ర మీద నడిచేసరికి ఎండాకాలం నడిమికొచ్చింది. ఏప్రిల్ చివర్లో మా ఆయన నన్ను భూపాలపల్లి ఆఫీసుకు తీసుకుపోయాడు. ఉంగి దగ్గరికి పోయే ధైర్యం లేదు కాబట్టి ముందు అక్కడికి పోయాను. అది కూడా దాచను.

ప్రభాకర్ సార్ నన్ను చూసి సంతోషపడి కుర్చీ వేయించాడు. నేను చెప్పడం మొదలుపెట్టాక ముఖం మారింది. అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతవు సరోజా, నువ్వే చావు తప్పి బయటపడ్డవు, ముందు మంచిగ కోలుకో అన్నాడు. నేను కార్డు తెప్పించమన్నాను. నా టిక్కు కొట్టేసి, పక్కన "చూడలేదు" అని రాసి, సంతకం చేశాను. వేళ్లకు ఇంకా పట్టు రాలేదు, అక్షరాలు చిన్నపిల్లల రాతలా వచ్చాయి. ఆమె తప్పేమీ లేదని, ఫైలులో పెట్టడానికి విడిగా ఒక కాగితం రాసిచ్చాను. సార్ ఆ కాగితం రెండుసార్లు చదివి, ఉంగి పేరు జాబితాలో ఉండాల్సిన చోటికి తెచ్చాడు. నన్ను ఏడాది పాటు ఇళ్లకు పంపకుండా ఆఫీసు పనిలో ఉంచుతానన్నాడు. సరే అన్నాను. నిజానికి తేలికపడ్డాను. చెప్పవలసింది చెప్పేశాను, ఇంక ఆమెకు మంచి వార్త తీసుకుపోతాను అనుకున్నాను. గొప్పగా అనిపించింది. ఆ గొప్ప ఎంతసేపుందో చెబుతాను.

మృగశిర

మొదటి వాన పడిన నాలుగు రోజులకు గూడెం పోయాం. జీపు దిగాక అర కిలోమీటరు నడక. నాకు ముప్పావు గంట పట్టింది. జోగమ్మ ముందు నడుస్తూ వెనక్కి చూస్తూ ఆగుతూ వచ్చింది.

ఉంగి గుడిసె ముందు మంచం మీద కూర్చుని విత్తనాల సంచి ఒకటి కుడుతోంది. పక్కన రెండు చంకకర్రలు. ఈ ఎండాకాలమంతా మిర్చి కల్లాల్లో కూర్చుని తాలుకాయ ఏరే కూలికి పోయిందట. అక్కడి ఆడవాళ్లతో కలిసి తెలుగు బాగానే నేర్చింది. జోగమ్మ అవసరం లేకపోయింది. నన్ను, నా కర్రను, నా పాదాన్ని ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"మంచిగున్నవా అక్కా?" అంది.

మంచి... దాకా వచ్చింది నోట్లోంచి. ఆపాను. మంచిగ లేనని చెప్పాను. నరాల జబ్బు వచ్చిందని, కాళ్లు పడిపోయాయని, కుడి పాదంలో ఇంకా స్పర్శ లేదని చెప్పాను. ఆమె జరిగి మంచం మీద చోటిచ్చింది. నేను కూర్చుని, దారంతా కూడబలుక్కున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ఉంగీ, నీ కాలు మోకాలు మీదికి పోవుడు నా తప్పు. ఆ దినం నేను గుడ్డ విప్పి చూడలే. చూసిన అని రాసిన."

ఆమె సూది సంచిలో గుచ్చి పక్కన పెట్టింది.

"ఎరుకే" అంది. "కాలు నాదే గద. విప్పలేదని నాకు ఎరుకుండదా?"

నెలల తరబడి నేను గుండెల్లో దాచుకుని మోసిన రహస్యం అది. ఐసీయూలో, జనగామలో, ఆఫీసులో. దాన్ని ఎవరి నుంచి దాచానో ఆమె ఆ రోజు నా ఎదురుగానే నిలబడి ఉంది. ఈ మాత్రం తట్టలేదు నాకు. ఫైలులో మార్చిన సంగతి, జాబితాలో పేరు పైకి వచ్చిన సంగతి చెప్పాను. తల ఊపింది. ఆమె ముఖంలో పెద్దగా మార్పు కనిపించలేదు. నేను క్షమించమని అడగబోయాను, అడగలేకపోయాను. దానికి బదులు, మరి దవాఖానలో, ఆఫీసువాళ్లకు, జోగమ్మకైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవలడిగిన్రు?" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది.

తర్వాత ఉంగి మంచం దిగి, చంకకర్రలు లేకుండానే నేల మీదికి జారి కూర్చుని, నా కుడికాలును తన ఒళ్లోకి తీసుకుంది. వద్దన్నాను. వినలేదు. పట్టీ బెల్టు విప్పింది, చెప్పు తీసింది, సాక్సు లాగింది. మడమ పక్కన పావలా అంత చర్మం ఎర్రగా కమిలి, నడుమ నీరు పట్టి ఉంది. ఆ అర కిలోమీటరు నడకలో ఒరుసుకుని ఉంటుంది. నాకేమీ తెలియలేదు. ఇప్పుడు ఆమె వేలు పెట్టి నొక్కినా తెలియడం లేదు.

"నొస్తలేదా?" అని అడిగింది.

"తెలుస్తలేదు" అన్నాను.

ఆమె వేలిని పక్కకు జరిపి మళ్లీ నొక్కింది. మళ్లీ అడిగింది. చీలమండ పైకి వచ్చాక నొప్పి తెలిసింది, చెప్పాను. అక్కడిదాకా గుర్తుపెట్టుకున్నట్టు తల ఊపి, జోగమ్మతో నీళ్లు తెప్పించి కడిగి, తన కొంగుతో తుడిచింది. సాక్సు మళ్లీ తొడగలేదు.

"రోజు విప్పి చూస్కోవాలె అక్కా" అంది. "నువ్వే గద చెప్పినవ్."